నా రిపోర్టులో నాలుగో పేజీ

అక్కకు,

నీ చెల్లెలు రాస్తున్నది. మేం ముగ్గురం ఇక్కడ క్షేమం. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. క్షేమం అన్న మాట రాశాక కలం కాసేపు కదల్లేదు. ఒంటి వరకు అది నిజమే కాబట్టి కొట్టెయ్యకుండా ఉంచేస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. పాప దగ్గు తగ్గింది. నువ్వు చెప్పినట్టే మూడు పూటలా ఆవిరి పట్టించాను. దుప్పటి కింద కూర్చుని, "పెద్దమ్మ అయితే కథ చెబుతుంది, నువ్వు ఊరికే గిన్నె మూత తీస్తావు" అని నన్ను దెప్పిపొడిచింది. వంటింటి కుళాయి బాగుచేయించాం. అది కారడం మానేసిన మర్నాడే స్నానాలగదిలోది మొదలుపెట్టింది. మీ మరిది బళ్ళో బొమ్మలు నేర్పేది చాలదన్నట్టు ఇప్పుడు ఇంటి గోడల మీద కూడా పడ్డారు. హాలు గోడకి సగం ఏనుగు ఉంది, మిగతా సగం సెలవుల్లో వస్తుందట. బావగారిని మోకాలు నొప్పి తగ్గేదాకా మెట్లు ఎక్కొద్దన్నానని చెప్పు. నీ మాట వినరు, నా మాటా వినరు, కానీ చెప్పు.

ఇక నీ ఉత్తరంలో సగానికి పైగా నిండిన సంగతి. ఆ నర్సమ్మ కేసు.

పేపర్లో నా గురించి పడిన ముక్క చదివి నీకు కళ్ళనీళ్ళు తిరిగాయని రాశావు. "తన పొరపాటు కంటపడిన రోజే ధైర్యంగా ముందుకొచ్చి చెప్పిన నిపుణురాలు" అని జడ్జిగారు తీర్పులో రాసిన వాక్యాన్ని వార్డులో అందరికీ చదివి వినిపించానన్నావు. ఆ నర్సమ్మలాంటివాళ్ళే మీ వార్డులో పదిమంది ఉన్నారనీ, వాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారనీ రాశావు. ఆ పేజీని నేను రెండోసారి చదవలేకపోయాను అక్కా. మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను. ఎందుకో చెబుతాను, కానీ మొదటి నుంచి చెప్పనివ్వు. నడుమనుంచి చెబితే నాకు నేనే సర్దిచెప్పుకున్నట్టు ఉంటుంది.

బ్రౌజర్‌లో చెరిపేసినవి కూడా మీకు ఎలా దొరుకుతాయని అడిగావు. మనం ఏ పేజీ తెరిచినా బ్రౌజర్ దాన్ని తన లోపలి పట్టికలో రాసుకుంటుంది. ఏం టైపు చేశాం, ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్ళాం, ఎప్పుడు, ఎన్నిసార్లు, అన్నీ. చెరిపేసినప్పుడు ఆ వరస మన కంటికి కనిపించకుండా పోతుంది కానీ, చాలాసార్లు దాని ముక్కలు డిస్కులో అక్కడక్కడా మిగిలే ఉంటాయి. వాటిని ఏరుకొచ్చి వరసలో పెట్టడమే పదకొండేళ్ళుగా నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే మాట ఒకటుంది: వీళ్ళు ఏం చూశారో చెప్పండి, ఎందుకు చూశారో మీరు ఊహించకండి. చెప్పడానికి ఎంత బాగుంటుందో.

ఆ నర్సమ్మ ఒక పెద్దాయన ఇంట్లో మూడేళ్ళు ఉండి ఆయన్ని చూసుకుంది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, గుండె జబ్బు. ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పోయారు. రక్తంలో గుండెకిచ్చే మందు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని తేలింది. పిల్లలు పోలీసు రిపోర్టు ఇచ్చారు. ఆమె సాయంత్రం క్లాసులు వినే లాప్‌టాప్‌ని సీలు వేసి మా ల్యాబ్‌కి పంపారు.

దాంట్లో ఆ రోజు వెతికిన మాట ఒకటి దొరికింది. 'ఈ మందు ఎంత దాటితే ప్రాణం పోతుంది.' నా రిపోర్టు నాలుగో పేజీలో దాని పక్కన సమయం పదకొండూ పది అని రాశాను. ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ చేతిలో పట్టుకుని, "పొద్దున పదకొండుకి వెతికింది, ఒంటిగంటన్నరకి మనిషి పోయాడు. ఇంకేం కావాలమ్మా నాకు!" అన్నాడు. మా సారు అయితే నా భుజం తట్టి, "నీ రిపోర్టు అంటే రాయి మీద గీసినట్టే" అన్నారు. ఆ నర్సమ్మ తన వాంగ్మూలంలో ఆయన పోయాకే వెతికానని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. మిషన్ చెప్పేదాని ముందు మనిషి మాట ఎవరు వింటారు? నేనూ వినలేదు.

పెద్దాయన కిడ్నీలు ఎలా ఉన్నాయో ఎవరైనా చూశారా అని అడిగావు. చూశారక్కా. ఆ పరీక్ష కాగితం మొదటి రోజు నుంచీ ఫైల్లోనే ఉంది. కిడ్నీలు దెబ్బతిని, రోజూ ఇచ్చే మామూలు మోతాదే బయటికి పోక ఒంట్లో పేరుకుపోయిందని చివరికి డాక్టర్లు తేల్చారు. నర్సువి కాబట్టి నీకు ఒక్క క్షణంలో తట్టింది. వాళ్ళకి తట్టకపోవడానికి కారణం నా నాలుగో పేజీ. అది చదివాక ఇంకో కాగితం వైపు చూసే అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆమె ఏడు నెలలు లోపల ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, బ్రౌజర్ సమయాన్ని మన గోడ గడియారం లెక్కన రాసుకోదు. ప్రపంచమంతటికీ కలిపి ఒకే గడియారం ఉంటుంది, దాని లెక్కన రాసుకుంటుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఆ ఐదున్నర గంటలు మేం కలుపుకోవాలి. నేను కలపలేదు. కలిపినట్టే అనుకుని, పట్టిక పైన 'స్థానిక సమయం' అని నా చేత్తోనే టైపు చేశాను. ఆమె వెతికింది సాయంత్రం నాలుగూ నలభైకి. అప్పటికి ఆయన పోయి మూడు గంటలు దాటింది. డాక్టరొచ్చి మందు ఎక్కువైందేమోనని అనుమానం పడ్డాక, తన చేతి పొరపాటేమోనని వణికిపోతూ వెతికిందన్నమాట.

ఐదు దాటి ఒక్క నిమిషానికి ఆమె ఇంకో మాట వెతికింది. 'మనం చూసుకునే మనిషి పోతే అది మన తప్పేనా.' మొదటిసారి చూసినప్పుడే అది నా కంటపడింది. కేసుకి సంబంధం లేదని రిపోర్టులో పెట్టలేదు.

ఆమెని ఎప్పుడైనా కలిశావా అన్నది నీ మూడో ప్రశ్న. నీ ఉత్తరం వచ్చిన రోజుకి కలవలేదు. ఆ తర్వాత రెండుసార్లు కలిశాను.

మొదటిసారి మా ఆఫీసుకే వచ్చింది, లాప్‌టాప్ తీసుకెళ్ళడానికి. వస్తువులు తిరిగి ఇచ్చే కిటికీ దగ్గర ఆ రోజు మనిషి లేకపోతే నేను కూర్చున్నాను. నీకంటే ఓ నాలుగేళ్ళు చిన్నదేమో. జుట్టు గట్టిగా ముడేసుకుని, నీలాగే చేతిగడియారం లోపలి వైపుకి పెట్టుకుంది. కాగితం మీద సంతకం పెడుతూ నా బ్యాడ్జి మీద పేరు చదివింది.

"మీరేనా?" అంది.

నేను తలూపాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీకు దణ్ణం పెట్టాలమ్మా. వేరే ఎవరైనా అయితే ఊరుకునేవాళ్ళు. మా లాయరమ్మ కూడా అదే అంది, తన తప్పు తనే వచ్చి చెప్పుకునే ఆఫీసర్ని ఇంతవరకూ చూడలేదని."

"అలా అనకండి. తప్పు నాదే కదా," అన్నాను.

"తప్పులు అందరం చేస్తాం. నేనూ మందులిచ్చే పనిలో ఉన్నదాన్నేగా, నాకు తెలీదా." లాప్‌టాప్ మీది సీలు కాగితాన్ని గోటితో మెల్లగా ఊడదీస్తూ, "మా అమ్మ పదిహేడున పోయింది. మీకు ఇరవై రెండున కంటపడింది. ఇంకో రెండు వారాలు ముందు పడుంటే అమ్మ దగ్గర ఉండేదాన్ని. ఏం చేస్తాం, కంటపడాలిగా. మీరేం మనసులో పెట్టుకోకండి," అంది.

ఓదార్చింది అక్కా, నన్ను. సంచీలో లాప్‌టాప్ సర్దుకుని, నాకు చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెబుతున్నాను. నాకు అది ఇరవై రెండున కంటపడలేదు. మూడో తారీఖునే పడింది.

ఆమె లాయరమ్మ అసలు డేటా కాపీ కావాలని అడిగితే, ఇచ్చే ముందు ఒకసారి చూసుకుందామని మూడో తారీఖు మధ్యాహ్నం తెరిచాను. ఆయన పోవడానికి ముందు రోజు వరసలు చూస్తుంటే ఒక ఆటల పేజీ కనిపించింది. పెద్దాయనకి క్రికెట్ అంటే పిచ్చి, చూపు ఆనక ఆమె స్కోరు చదివి వినిపించేదట. నా లెక్క ప్రకారం ఆ రోజు ఎవరు గెలిచారో ఆమె పదకొండూ ఇరవైకి చదివింది. ఆ ఆట నేనూ టీవీలో చూశాను. అది మొదలైందే పన్నెండింటికి. మొదలవ్వని ఆట ఫలితాన్ని ఎవరు చదవగలరు? పట్టిక పైకి వెళ్ళి చూశాను. ఐదున్నర గంటలు కలపనే లేదు.

ఆ క్షణాన లేచి సారు గదికి వెళ్ళాలి. ఇరవై అడుగుల దూరం. నేను వెళ్ళలేదు. నా కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి వెతికాను. ఏమని వెతికానో నీకు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. 'రిపోర్టులో సమయం తప్పు పడితే ఏం చేయాలి.' తర్వాత, 'తప్పుడు రిపోర్టు ఇచ్చిన నిపుణులకు శిక్ష.' తర్వాత, 'పాత రిపోర్టులన్నీ మళ్ళీ పరీక్షిస్తారా.' ఆమె పేరు ఒక్కసారి కూడా టైపు చేయలేదు. ఆమె ఎక్కడుందో, ఎలా ఉందో వెతకలేదు. అన్నీ నా గురించే. ఆ పైన ఆ గంట హిస్టరీ చెరిపేశాను. చెరిపేసినవి తవ్వి తీసి జీతం తీసుకునే మనిషిని, చెరిపేశాను.

ఆ నెలాఖరుకి నన్ను ల్యాబ్‌కి ఇన్‌చార్జిని చేస్తారన్న మాట నడుస్తోంది. ఈ ఒక్క తప్పు బయటపడితే పదకొండేళ్ళలో రాసినవన్నీ తిరగతోడతారు, ఎవరికీ మొహం చూపించలేను అనుకున్నాను. రేపు చెబుదాం, ఈ వారం పోనీ, ఆమె లాయరమ్మే కనిపెడుతుందిలే, ఇలా రోజుకొక సాకు. పొద్దున పాపకి జడ వేస్తూ ఉండేదాన్ని, ఆఫీసుకి వెళ్ళేదాన్ని, మధ్యాహ్నం అందరితో కలిసి డబ్బా తెరిచి తినేదాన్ని. తిండి సయించేది కూడా. అదే నాకిప్పటికీ మింగుడుపడదు.

పదో తారీఖున ఆమె బెయిల్ కొట్టేశారు. కారణం ఒక్క వాక్యంలో ఉంది: నాలుగో పేజీ దృష్ట్యా. పదిహేడున వాళ్ళమ్మ పోయింది. అంత్యక్రియలకి ఆమెని నాలుగు గంటలు బయటికి పంపమన్న దరఖాస్తు కాపీ, కుదరదన్న జవాబుతో సహా, మా ఫైల్లోకి వచ్చింది. దాని మీద నేను 'చూశాను' అని సంతకం పెట్టి కింద తారీఖు వేశాను. ఇంకా ఐదు రోజులు నోరు మెదపలేదు.

ఇరవై రెండున సారు గదికి వెళ్ళి, "ఇవాళే చూశానండీ" అన్నాను. నిజం చెప్పడానికి వెళ్ళి ఆ గుమ్మంలోనే ఇంకో అబద్ధం ఆడాను. ఆయన కుర్చీలోంచి లేచి నాకు చేయి కలిపారు. ఇరవై తొమ్మిదిన ఆమెని వదిలేశారు. మిగతాది నువ్వు పేపర్లో చదివావు.

ఆమె వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాక ఇంట్లో ఉండలేకపోయాను. ఆదివారం పొద్దున డాబా మీద మీ మరిది బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన క్లిప్పులు పెట్టడం ఆపలేదు. తడి దుప్పటి ఆ కొసన ఆయన, ఈ కొసన నేను. అంతా విని, "అక్కకి చెప్పావా?" అని అడిగారు. లేదన్నాను. "ముందు ఆఫీసులో చెప్పు. తర్వాత ఆమెకి. ఆ తర్వాత అక్కకి. నీకు ఏది కష్టమో అది చివరికి పెట్టుకో," అన్నారు. నిన్నే ఎందుకు చివర పెట్టారో మనిద్దరికీ తెలుసు. నన్ను పెంచి పెద్దచేసింది నువ్వు.

సోమవారం సారుకి కాగితం మీద రాసిచ్చాను. మూడో తారీఖు అని, గంటతో సహా. ఆయన రెండుసార్లు చదివి తలుపు వేశారు.

"ఇప్పుడిది అవసరమా? ఆమె బయటికొచ్చింది. కోర్టు నిన్ను మెచ్చుకుంది. ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదండీ. ఆవిడ వచ్చి నాకు దణ్ణం పెట్టింది."

"అయితే?"

"ఆ దణ్ణం తీసుకుని ఇంటికి వెళ్ళాను సార్. ఇంక నావల్ల కాదు."

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత, మాట మాత్రమే సరిపోదు, నా కంప్యూటర్‌ని పరీక్షించి రిపోర్టు రాయించాలన్నారు. ఆ పని నేను నేర్పిన అమ్మాయికే పడింది. నా కుర్చీలో తను కూర్చుంది, నేను గోడ పక్కన నిలబడ్డాను. ఎవరి కేసుకైనా పద్ధతి అదే.

"ఐదున్నర గంటలు కలుపుకున్నావా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"కలిపానండీ," అంది తలెత్తకుండా.

గంటన్నర పట్టింది. చెరిపేసినా, ఒక మూలన మిగిలిన ముక్కల్లో దొరికాయి. "మూడో తారీఖు, మధ్యాహ్నం మూడూ పన్నెండు," అని చదవడం మొదలుపెట్టింది. 'తప్పుడు రిపోర్టు ఇచ్చిన నిపుణులకు' దాకా వచ్చి ఆగిపోయింది. మిగతాది నేనే చెప్పాను, తను టైపు చేసింది. నన్ను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు, విచారణ ఉంది. నేను రాసిన పాత రిపోర్టులన్నీ మళ్ళీ చూస్తున్నారు. వాటిలో ఇంకెవరిదైనా సమయం తప్పుగా ఉందేమో అన్నదొక్కటే ఇప్పుడు నాకున్న భయం. నేను రాసిచ్చిన కాగితం కాపీ కోర్టుకీ వెళ్ళింది. జడ్జిగారు మెచ్చుకుని రాసిన వాక్యం కొట్టేస్తారట. కొట్టెయ్యనీ.

నిన్న సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, తలుపు పక్కన కుండీలో ఎండిన మొక్క. ఏడు నెలలు నీళ్ళు పోసేవాళ్ళు లేక ఎండిందని చూడగానే తెలిసింది. నన్ను చూసి మొహం విప్పారింది. "రండి రండి, టీ పెడతాను," అంటూ లోపలికి తిరిగింది. కూర్చోనని చెప్పి, గుమ్మంలో నిలబడే చెప్పాను. ముందుగా ఎన్నో మాటలు కూడబలుక్కుని వెళ్ళాను, అవేవీ రాలేదు.

"నేను అబద్ధం చెప్పానండీ. ఆ తప్పు నాకు ఇరవై రెండున కాదు, మూడునే కనిపించింది. పంతొమ్మిది రోజులు దాచాను."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "మూడు అంటే... ఏ నెల?"

"అదే నెల."

గోడకి ఆనుకుంది. పెదాలు కదులుతున్నాయి, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. మూడు నుంచి పదిహేడు దాకా ఒక్కొక్క వేలే మడుస్తూ పోయింది. నేను ఆపలేను, సాయం చేయలేను.

"మూడున అమ్మ ఇంకా మాట్లాడుతోంది," అంది. "పదకొండో తారీఖు దాకా మాట్లాడిందట. నేను ఏ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నానని అడిగేదట. లోపల ఉన్నానని తనకి చెప్పలేదు మావాళ్ళు. డ్యూటీ ఎప్పుడైపోతుందని అడిగేదట."

నేను క్షమించమని అడగలేదక్కా. అడగాలనే వెళ్ళాను.

ఆమె తలుపు వేసింది. గట్టిగా కూడా కాదు, మీ వార్డులో పేషెంటు నిద్రపోతుంటే వేసినట్టు వేసింది. నేను మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాక పైనుంచి పిలుపు వినిపించింది. వరండా పిట్టగోడ మీంచి వంగి చూస్తోంది. ఏడవడం లేదు.

"ఇందాక చెప్పిందంతా ఎక్కడైనా రాసిచ్చారా?"

"ఇచ్చానండీ. ఆఫీసులో, కోర్టులో."

"నాకూ ఒకటి కావాలి. మీ సంతకంతో, మూడో తారీఖుతో. మా అన్నయ్యకి చూపించాలి. వాళ్ళందరూ నేనే సరిగా పోట్లాడలేదు, అందుకే అమ్మ చివరిచూపు పోగొట్టుకున్నాను అంటున్నారు."

రేపు పొద్దున్నే తీసుకెళ్ళి ఇస్తాను అక్కా. కాపీ సిద్ధంగా ఉంది, సంతకం పెట్టాను. పోస్టులో పంపించవచ్చు కానీ పంపను. నా చేత్తోనే ఇస్తాను, వాళ్ళన్నయ్య ఎదురుగా నిలబడమంటే నిలబడతాను.

ఇది చదివాక నీకు నా మీద కోపం వస్తే, వచ్చినంతా రాయి. తగ్గించి రాయకు.

ఇట్లు,
నువ్వు నడక నేర్పిన
నీ చెల్లెలు